కెమెరా మీది జిడ్డు

నా పేరు, మా నాన్న పేరు పైన రాసుకున్నారు కాబట్టి మళ్లీ చెప్పను. వయసు డెబ్బై రెండు నిండాయి. వీధిలో నన్ను సీళ్ల తాత అంటారు. వృత్తి, చేతితో రబ్బరు సీళ్లు కోయడం. ఈ వాంగ్మూలం రాసే ఆయన ‘పని లేదు’ అని రాయబోతే ఆపాను. నేను పని మానలేదు. జనం నా దగ్గరికి రావడం మానారు. రెండూ ఒకటి కాదు.

చదువు రెండో తరగతితో సరి. అక్షరాలు తిన్నగా ఉంటే కూడబలుక్కుని చదువుతాను. తిరగబడి ఉంటే గడగడా చదువుతాను. సీలు మీద అక్షరం ఎప్పుడూ తిరగబడే ఉంటుంది, కాగితం మీద పడ్డాకే తిన్నగా అవుతుంది. బతుకంతా నేను చూసింది తిరగబడ్డ అక్షరమే. ఇది నవ్వుకోవడానికి చెప్పడం లేదు. ఎందుకు చెప్పానో ముందు ముందు తెలుస్తుంది.

నేను నా కూతురింట్లో ఉంటున్నాను. కింది వాటా. అల్లుడు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. పై వాటాలో ఒక టైలరమ్మ ఉంటుంది. నా కూతురు ముందు గదిలో మిషను పెట్టుకుని నేమ్‌ప్లేట్లూ, తాళంచెవి బిళ్లలూ, షాపుల వాళ్లకి సీళ్లూ చేస్తుంది. నేను చేతితో చేసిన పనే, ఆమె మిషనుతో చేస్తుంది. దాని మీద మా ఇద్దరికీ ఎప్పుడూ మాటామాటా వస్తూనే ఉంటుంది. అది మా ఇంటి గొడవ, మీకు అక్కర్లేదు.

మిషను సంగతి మాత్రం చెప్పాలి. కిటికీ పక్కన బల్ల మీద ఉంటుంది. ట్రంకు పెట్టె అంత ఉంటుంది, పైన రంగుటద్దం మూత. లోపల లేజరు అని ఒక వేడి వెలుగు అటూ ఇటూ తిరిగి చెక్కనీ రబ్బరునీ కాల్చి కోస్తుంది. పొగ గొట్టం గుండా కిటికీలోంచి బయటికి పోతుంది. మూత తెరిస్తే మిషను ఆగిపోతుంది. మూత లోపలివైపు చొక్కా గుండీ అంత కెమెరా ఉంది. కింద ఏది పెట్టినా అది చూస్తుంది, చూసింది కంప్యూటరు తెర మీద పడుతుంది. ఒక కాగితం పెడితే దాని మీది బొమ్మను చూసి రబ్బరు మీద అచ్చం అలాగే కోసే సదుపాయం కూడా ఉంది. కెమెరా మసకబారితే ఆ సదుపాయం పోతుంది. కొలుచుకుని, గీత గీసుకుని నేమ్‌ప్లేట్లు చేసుకోవచ్చు గానీ, కాగితం చూసి కాపీ తీయడం కుదరదు.

మీరు పట్టుకున్న దొంగ సీలు ఆ మిషను మీదే తయారైంది. కాదనను. అయితే చేసింది నా కూతురు కాదు. నేను.

జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అల్లుడికి అన్న ఉన్నాడు. ఇళ్లూ స్థలాలూ కుదిర్చే బ్రోకరు. మా ఇల్లు మాకు కుదిర్చింది కూడా అతనే, ఇంటివాళ్లు అతని మాట మీదే అద్దెకి ఇచ్చారు. నా కూతురికి బావగారు అవుతాడు. నన్ను మామయ్యా అంటాడు. మీరు లోపలి గదిలో కూర్చోబెట్టింది అతన్నే. ఇక మీదట బ్రోకరు అనే అంటాను.

వానలు మొదలైన కొత్తలో అతను మా ఇంటికి వచ్చాడు. ప్లాస్టిక్ కవరులోంచి ఒక కాగితం తీసి నా కూతురికి ఇచ్చాడు. నేను వెనక గదిలో కత్తి నూరుకుంటున్నాను. కాగితం చూడలేదు. మాటలు విన్నాను.

“అమ్మాయ్, ఈ గుండ్రటి సీలు ఉంది చూడు. ఇలాంటిదొకటి చేసిపెట్టాలి. ఊరికే ఇంట్లో ఉంచుకోవడానికి” అన్నాడు.

నా కూతురు, “బావగారూ, మిషను కెమెరా మసకేసింది. కాగితం చూసి తీయడం కుదరట్లేదు. బాగయ్యాక చూద్దాం” అంది.

“ఎప్పటికి బాగవుతుంది?”

“మనిషి దొరకాలి కదండీ.”

ఆ తర్వాత అతను వారం వారం వచ్చాడు. వచ్చినప్పుడల్లా టీ తాగాడు. వచ్చినప్పుడల్లా మూత ఎత్తి కెమెరా వంక చూశాడు. నా కూతురు ఒకటే మాట: “ఇంకా బాగవలేదు బావగారూ.”

నేను ఒకరోజు అన్నాను, “అదేమన్నా ఆకాశంలోంచి ఊడిపడిందా? అద్దమే కదా. తెచ్చి నా చేతిలో పెట్టు, తుడిచిస్తాను.”

“నాన్నా, దాని జోలికి వెళ్లకు” అంది.

“ఏం, నా చెయ్యి పడితే పగిలిపోతుందా?”

“నీకు దండం పెడతాను. ముట్టుకోకు.”

అయ్యా, నా కూతురు నాకు దండం పెట్టి ముట్టుకోవద్దంది. ఆ మాట నాకు పుండు మీద కారం చల్లినట్టు ఉంది. జుట్టంత సన్నని గీత కోసిన చెయ్యి ఇది. నా దగ్గర పలక పట్టడం నేర్చుకున్న పిల్ల, నన్ను ముట్టుకోకు అంటుందా అనుకున్నాను. ఆమె ఎందుకంటోంది అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగలేదు. అది కూడా రాయండి.

మొన్న సోమవారం సంగతి. పొద్దున నా కూతురు నేమ్‌ప్లేట్లు ఇచ్చి రావడానికి ఒక ఆసుపత్రికి వెళ్లింది. అల్లుడు ఊళ్లో లేడు. ఎదురు మిల్లులో టిఫిను సైరను మోగిన కాసేపటికి బ్రోకరు వచ్చాడు. నా కూతురు లేదని చెప్పాను. పోలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మామయ్యా, మీ అమ్మాయి మిషను పెట్టుకుని పెద్ద కంపెనీలా కూర్చుంది గానీ, దాని కంటికి పుసి కడితే తుడుచుకోవడం రాదు” అన్నాడు.

“రాదు” అన్నాను.

“మీకూ రాదులెండి. మీదంతా కత్తి పని.”

“కత్తి పట్టినవాడికి రానిదేమిటోయ్?”

“అది గోరంత లేదు మామయ్యా. ఈ వయసులో మీ చెయ్యి వణికితే అంతే సంగతులు.”

నా చెయ్యి వణకదు. చెయ్యి చాపి అతని మొహం ముందు పెట్టాను. గ్లాసు నిండా నీళ్లు పోసి ఆ చేతి మీద పెట్టమన్నాను. పెట్టాడు. చుక్క తొణకలేదు. “అబ్బో” అన్నాడు. అంతే, నేను లేచాను. అతను నన్ను బలవంతపెట్టలేదు. గొర్రెకి మేత చూపించినట్టు ఒక మాట చూపించాడు, నేను వెంట పోయాను.

ముందు మిషను ప్లగ్గు పీకేశాను. మూత ఎత్తి కర్ర ఆనించాను. నా పాత భూతద్దం కంటికి బిగించుకుని కెమెరా చూశాను. ఇక్కడ చెప్పేది జాగ్రత్తగా రాసుకోండి.

రబ్బరు కాలిన పొగ నాకు తెలుసు. అది అద్దం మీద గోధుమరంగులో పడుతుంది, అంచుల నుంచి మధ్యకి పాకుతుంది, గోరుతో గీకితే పొడిలా లేస్తుంది. మూత అద్దం మీద ఉన్నది అదే. కెమెరా మీద ఉన్నది అది కాదు. తెల్లటి జిడ్డు. మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా, వేలితో అద్దినట్టు ఉంది. వాసన చూశాను. మొహానికి రాసుకునే క్రీము వాసన.

నేను ఏమనుకున్నానంటే, ఈ పిల్ల క్రీము రాసుకున్న చేత్తోనే మిషను ముట్టుకుంది, శుభ్రం లేదు, అనుకున్నాను. అంతకు మించి నా బుర్రకి తట్టలేదు.

దూది మీద థిన్నరు వేయబోయాను. బ్రోకరు ఫోనులో చూసి, “వద్దు మామయ్యా, థిన్నరు వేస్తే ప్లాస్టిక్ తెల్లబడి ఇంక పనికిరాదట. స్పిరిట్టు వాడమంటున్నారు” అని చదివాడు. సరేనన్నాను. పుల్లకి దూది చుట్టి, స్పిరిట్టులో ముంచి, పిండి, మధ్య నుంచి బయటికి తుడిచాను. దూది మార్చి మళ్లీ తుడిచాను. జిడ్డు పోయింది. ప్లగ్గు పెట్టి మూత వేసి తెర చూశాం. ముందు పాలు ఒలికినట్టు ఉండేది, ఇప్పుడు మంచులో చూసినట్టు ఉంది. మెరుగైంది గానీ తేటపడలేదు.

మళ్లీ ప్లగ్గు పీకి, మళ్లీ భూతద్దం పెట్టాను. కెమెరా అద్దం ఒక చిన్న మరలో బిగించి ఉంటుంది. పళ్లున్న అంచు పట్టి తిప్పితే పైకీ కిందికీ జరుగుతుంది. జరక్కుండా తయారుచేసినప్పుడే పక్కన జిగురు బొట్టు పెడతారు. ఆ బొట్టు అప్పటికే తెగి ఉంది. సూదితో తెంపినట్టు సన్నటి గీత. అద్దం దాని చోటులో లేదు. తయారుచేసినవాడి చేతులు విరిగిపోను, ఇంత అడ్డగోలు పనా అని వాణ్ణి పైకే తిట్టాను. వాడెవడో పాపం.

తర్వాత నేను కోసిన పాత సీలొకటి లోపల పెట్టాను. దాని మీద జుట్టంత గీతలున్నాయి. తెర మీద ఆ గీతలు విడివిడిగా కనిపిస్తే కెమెరా కుదిరినట్టు. పళ్లు కుట్టుకునే పుల్లతో అంచుని నువ్వుగింజంత తిప్పడం, మూత వేయడం, తెర చూడడం, మళ్లీ మూత ఎత్తడం. బ్రోకరు తెర దగ్గర నిలబడి “ఇంకా, ఇంకా, అయ్యో దాటిపోయింది, వెనక్కి” అంటున్నాడు. చాలాసేపు పట్టింది. ఒక్కసారిగా గీతలన్నీ వేరుపడ్డాయి. నా కత్తి జారిన ఒక చిన్న గాటు కూడా కనిపించింది.

అయ్యా, అబద్ధం చెప్పను. నాకు ఒళ్లు పులకరించింది.

జిగురు బొట్టు కొత్తది పెట్టాను. అద్దం కదిలింది కాబట్టి కెమెరా చూపుకీ కోత పడే చోటుకీ సరి చూసుకోవాలని ఫోనులో ఉందట. అట్ట పరిచాం. మిషను దాని మీద చుక్కలు కాల్చింది. కెమెరా ఆ చుక్కల్ని చూసుకుంది. తెర మీద సరి అని వచ్చింది. అప్పుడు బ్రోకరు జేబులోంచి ఆ ప్లాస్టిక్ కవరు తీశాడు.

“ఒకసారి పరీక్ష చేద్దాం మామయ్యా. దీని మీద సన్న అక్షరాలున్నాయి. ఇది తేలితే మీరు మగాడే” అన్నాడు.

కాగితం లోపల పెట్టాడు. కెమెరా చూసింది. సీలు కోయడానికి బొమ్మను తిరగేయాలి కదా, అతను నొక్కగానే తెర మీద బొమ్మ తిరగబడింది. తిరగబడగానే నేను చదివాను. గుండ్రంగా, చుట్టూ భూముల రికార్డుల ఆఫీసు అని ఉంది. మధ్యలో అధికారి హోదా ఉంది. గడగడా చదివాను. పైకే చదివాను.

“ఇది ఆఫీసు సీలు కదోయ్” అన్నాను.

“ఊరికే పరీక్షకి. తర్వాత మీరే కోసి పారేద్దురు గాని. మిషనుకి ఇంత సన్న పని వస్తుందంటారా?”

“రాదు” అన్నాను.

“అయితే చూద్దాం.”

రబ్బరు ముక్క నేనే పెట్టాను. బటను నేనే నొక్కాను. అతను కాదు, నేను. నాకు తెలిసే నొక్కాను. నేను కుదిర్చిన కెమెరా ఎంత బాగా చూస్తోందో నాకు చూడాలనిపించింది. అంతకంటే కారణం లేదు. అంతకంటే గొప్ప కారణం ఉంటే బాగుండేది.

గదంతా రబ్బరు కంపు. మిషను ఆగాక సీలు తీసి పళ్ల బ్రష్షుతో మసి దులిపి చూశాను. గీతలు వచ్చాయి. అక్షరాల కడుపులు మాత్రం రాలేదు. అక్షరంలో మూసుకున్న చోటుని మేము కడుపు అంటాం. మిషను అక్కడ పైపైన కాల్చి వదిలేసింది. ముద్ర వేస్తే సిరా నిండి మచ్చలా పడుతుంది. “చూశావా, ఇదీ మీ మిషను బతుకు” అన్నాను.

అక్కడితో ఆగితే ఈ రోజు నేను ఇక్కడ ఉండను. నా కత్తి తెచ్చాను. భూతద్దం పెట్టుకుని, ఆ కడుపులన్నీ ఒక్కొక్కటీ తవ్వి శుభ్రం చేశాను. నా చేతిలోకి వచ్చిన సీలుని సగంలో వదలడం నాకు చేతకాదు. దొంగ సీలని తెలుసు. తెలిసీ బాగుచేశాను. కాగితం మీద వేసి చూస్తే అసలుకీ దానికీ తేడా లేదు. అసలు కంటే బాగుంది.

“ఇప్పుడు ఇలా తే, అడ్డంగా కోసి పారేస్తాను” అన్నాను.

“ఇంత చక్కటి పనిని కోసేస్తారా మామయ్యా? మీ చేతికి దండం పెట్టాలి. మా ఆవిడకి చూపించి రేపు తెచ్చి మీ చేతిలోనే పెడతాను” అని జేబులో వేసుకున్నాడు.

నేను ఊరుకున్నాను. పొగిడాడు, ఊరుకున్నాను.

మధ్యాహ్నం సైరను అయ్యాక నా కూతురు వచ్చింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టాను. నా గొంతు పెద్దది, పై వాటా టైలరమ్మ కూడా విన్నది, ఆమెను అడగండి. “చేతులు కడుక్కుని మిషను ముట్టుకోవాలని తెలియదా? కెమెరా నిండా నీ మొహం క్రీమే. దీనికా ఇన్నాళ్లు మనిషి దొరకలేదు, మనిషి దొరకలేదు అన్నావు? నేను తుడిచిపెట్టాను. పో, చూసుకో పో” అన్నాను.

మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆమె, “ఎవరైనా వచ్చారా?” అంది.

“మీ బావగారు.”

మిషను దగ్గరికి వెళ్లి మూత ఎత్తింది. లోపల రబ్బరు ముక్కలో గుండ్రటి బెజ్జం ఉంది. దాని వంక చూసి, ఉన్నచోటే నేల మీద కూర్చుంది. ఏడవలేదు. “నాన్నా, ఎంత పని చేశావు” అంది. మళ్లీ అంది. నేను, “పరీక్షకే కదా, రేపు తెచ్చిస్తానన్నాడు” అన్నాను. ఆమె నా మొహం చూడలేదు.

ఇప్పుడు ఫోను సంగతి. ఆ రోజు మధ్యాహ్నం నా కూతురి ఫోను నుంచి బ్రోకరు ఫోనుకి పోయిన మాట గురించి మీరు అడుగుతున్నారు. ఇద్దరూ కలిసి చేశారనడానికి అదే సాక్ష్యం అంటున్నారు. ఆమె మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. “బావగారూ, అది తెచ్చి ఇచ్చేయండి. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆడదాన్ని, నా పేరు మీద షాపు ఉంది” అంది. అతను అవతల నుంచి నవ్వాడు. “ఏది? ఏం సీలు? నువ్వేం మాట్లాడుతున్నావో నాకు తెలియట్లేదమ్మా” అన్నాడు. ఫోను గట్టిగా వినబడేలా పెట్టింది కాబట్టి నేను విన్నాను.

వెంటనే స్టేషనుకి ఎందుకు రాలేదు అని అడిగారు. వస్తానంది. చెప్పులు కూడా వేసుకుంది. మొగుడికి ఒక మాట చెప్పి వస్తానని ఫోను చేసింది. అల్లుడు, “మా అన్న అలాంటివాడు కాదు. తొందరపడి ఇంటి పరువు తీయకు. నేను వచ్చాక మాట్లాడదాం” అన్నాడు. లోడు దించి వచ్చేసరికి గురువారం అయింది. అదే రోజు భూముల ఆఫీసు కౌంటరు దగ్గర ఎవరిదో ఇల్లు ఎవరికో రాసి ఈ సీలు వేసిన కాగితం పట్టుబడింది, బ్రోకరు దొరికాడు, మరదలే చేసిచ్చింది అని చెప్పాడు. మీరు వచ్చి మిషనునీ నా కూతుర్నీ తీసుకొచ్చారు. అల్లుడు గుమ్మంలో నిలబడి చూశాడు. ఇప్పుడు బయట బల్ల మీద కూర్చున్నాడు. అన్న ఒక గదిలో, పెళ్లాం ఒక గదిలో. అతన్ని నేనేమీ అనను. అనడానికి నాకు మొహం లేదు.

ఈ రోజు పొద్దున నా కూతురితో మాట్లాడడానికి వరండాలో కాసేపు వదిలారు. అప్పుడు అడిగాను. ఇన్నాళ్లకి అడిగాను. “ఆ కెమెరా ముట్టుకోవద్దని ఎందుకన్నావు?”

“అది చెడిపోలేదు నాన్నా. నేనే చెడగొట్టాను” అంది.

బ్రోకరు మొదటిసారి ఆ కాగితం చూపించిన రోజే ఆమెకు అర్థమైంది. వద్దని మొహం మీద అంటే బావగారు. పైగా ఇల్లు అతను ఇప్పించింది. అందుకని అతను పోగానే సూదితో ఆ జిగురు తెంపి, అద్దాన్ని తిప్పేసింది. అది చాలదేమోనని పైన క్రీము అద్దింది. ఆరిపోతే మళ్లీ అద్దేది. వానలు మొదలైన దగ్గర్నుంచీ తన మిషను కళ్లు తనే మూసి, కొలుచుకుని, గీతలు గీసుకుని, ఒకటికి రెండింతలు కష్టపడి నేమ్‌ప్లేట్లు చేసింది. అదంతా ఆ ఒక్క సీలు చేయకుండా ఉండడానికి.

“నాకెందుకు చెప్పలేదు?” అన్నాను.

“చెబితే ఊరుకుంటావా? వీధిలో నిలబడి ఆయన్ని తిడతావు. ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేది” అంది. నిజమే. తిట్టేవాణ్ణి.

అయ్యా, దొంగ సీలు చేయాలనుకున్న మనిషి తన కెమెరాకి తనే క్రీము పూసుకుంటుందా? ఆ జిడ్డే ఆమె వైపు సాక్షి. ఆ సాక్షిని నేను స్పిరిట్టు పెట్టి తుడిచేశాను. దూది చెత్తబండిలో పోయింది. ఆ జిడ్డుని కళ్లతో చూసి, వాసన చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను టైలరమ్మకి వినబడేలా అరిచింది సోమవారం. మీరు వచ్చింది గురువారం. మీరు వస్తారని ముందే తెలిసి క్రీము కథ అల్లడానికి మాకు జ్యోతిష్యం రాదు. పాత జిగురు మీద సూది గీత కూడా ఉండే ఉంటుంది, నేను పెట్టిన కొత్త బొట్టు ఊడదీసి చూసుకోండి.

ఇంత చెప్పాక ఈ స్టేషను అధికారి గారు నాకు మంచినీళ్లు ఇప్పించి, “పెద్దాయనా, మీకు చదువు రాదు. అది ఆఫీసు సీలని తెలియక, పరీక్షకని నొక్కానని చెప్పండి. అలాగే రాసుకుంటాం. ఈ వయసులో మీకెందుకు ఇదంతా” అన్నారు. ఆయన మంచికే అన్నారు. కాదనను.

నేను ఒప్పుకోలేదు. నాకు తెలియదంటే, ఆ ఇంట్లో తెలిసినవాళ్లు ఇంకెవరు అని రేపు అడుగుతారు. చదువుకున్నది ఆమె, మిషను ఆమెది. ముసలివాణ్ణి అడ్డం పెట్టుకుని చేయించింది అంటారు. తెలిసినవాడు ఒకడు ఉండి తీరాలి. వాణ్ణి నేనే.

నా మాట నమ్మకపోతే ఆ సీలు తెప్పించమన్నాను. తెప్పించారు. భూతద్దం ఇచ్చారు. మిషను తవ్విన చోట నేల దున్నినట్టు సన్నటి చాళ్లు ఉంటాయి. నా కత్తి పడిన చోట చెంచా లోపలిలా నునుపుగా ఉంటుంది. అక్షరాల కడుపులన్నీ నునుపే. అధికారి గారు చూశారు, రాసే ఆయన కూడా చూశాడు. నా కూతురికి కత్తి పట్టడం రాదు. నేర్పుతానని ఎన్నోసార్లు అన్నాను, వద్దంది. కావాలంటే ఒక రబ్బరు ముక్కా కత్తీ ఇచ్చి ఇద్దరి చేతా కోయించండి. ఏది ఎవరి చెయ్యో గుడ్డివాడైనా చెబుతాడు.

క్రీము సంగతి అడగడానికి నా కూతుర్ని లోపలికి పిలిచారు. ఆమె మాట ఆమె విడిగా చెప్పింది, అది ఇందులో లేదు. పోతూ పోతూ నా కుర్చీ దగ్గర ఆగి, “నాన్నా, తెలియదని చెప్పు. నీకు పుణ్యం ఉంటుంది” అంది.

“నువ్వు ఇంటికి పో” అన్నాను.

“బీపీ మాత్ర వేసుకున్నావా?”

“ఇంటికి పో అన్నానా లేదా.”

“జేబులో పెట్టాను, నీ చొక్కా ఎడమ జేబులో” అంది. జేబు తడుముకుంటే ఉంది.

ఈ మాటలు రాయక్కర్లేదు అన్నారు రాసే ఆయన. ఆమె ఎలాంటి మనిషో కోర్టు వాళ్లకి తెలియాలి, రాయండి అన్నాను.

పైన ఉన్నదంతా నా కళ్లు చూసింది, నా చేతులు చేసింది. ఒకరు నూరిపోస్తే చెప్పింది కాదు. ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. చదివి వినిపించారు. ‘కెమెరా చెడిపోయి ఉండగా’ అని ఉన్నచోట కొట్టేయించి, ‘నా కూతురు కావాలని మసక చేసి ఉంచగా’ అని రాయించాను. రేపు ఎవరి ముందు నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను.

సంతకం (చెప్పినవారు స్వయంగా చేసినది)

ఎడమ బొటనవేలి ముద్ర

రాసినవారి గమనిక: ఈ వాంగ్మూలం చెప్పినవారికి మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ‘తెలియక’ అన్న మాటను తాను చేసిన పనికి ఎక్కడైనా అంటించి రాశానా అని రెండుసార్లు అడిగారు. లేదని చూపించాక సంతకం చేశారు. కూతురు గేటు దాటి వెళ్లిందని జవాను వచ్చి చెప్పాక వేలిముద్ర వేశారు.